కుమారి రాసిన లిస్టు

పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురు హారిక కొత్త కంప్యూటర్ కావాలని పట్టుబట్టింది. తయారైంది కొనుక్కోవడం కాదట, విడిభాగాలు తెచ్చుకుని తనే బిగించుకుంటుందట. ఇళ్ళూ మేడలూ కంప్యూటర్లో గీసే చదువు దానిది. ఉన్న ల్యాప్‌టాప్ ఒక్కో బొమ్మకి గంటసేపు మూలుగుతోందని రోజూ గోల. నేను ఏలూరు నుంచి నాలుగు రోజులు ఉండి వద్దామని పుట్టింటికి వెళ్ళిన సమయమది. రెడ్డిగూడెం దాటాక మామిడి తోటల మధ్య మా ఊరు. తమ్ముడి కుటుంబం, వాళ్ళతోపాటు ఎనభై దాటిన మా నాన్న ఆ ఇంట్లోనే ఉంటారు. హారిక నెల రోజులు ఇంటర్నెట్టంతా గాలించి, ఏ వస్తువుకా వస్తువు అన్నిట్లోకీ గొప్పది ఏరి ఒక లిస్టు రాసుకుంది. దాన్ని పట్టుకుని హనుమాన్ జంక్షన్‌లో ఏదో షాపుకి వెళ్ళింది. సాయంత్రం ముఖం ఇంత చేసుకుని వచ్చి నా పక్కన కూలబడింది.

“చూడత్తా, సగం కొట్టేశారు! నేను రాసిన బోర్డులో నేను రాసిన ర్యామ్ అసలు కూర్చోదంట. ప్రాసెసర్‌కి ఆ సాకెట్టే కాదంట. గ్రాఫిక్స్ కార్డేమో క్యాబినెట్ కన్నా పొడుగంట. నెల రోజులు చూశాను కదత్తా, నా మొహం! అన్నీ మంచివే ఏరితే ఒక్కటీ ఒకదానితో ఒకటి కలవలేదు.”

“మరి ఇప్పుడేం చేస్తావు?”

“ఆ మేడమ్ కొత్తది రాసిచ్చారు. ఇదిగో.”

కాగితం అందుకున్నాను. ఒక్కో వస్తువు పేరు, దాని కింద గీత, గీత కింద ‘దీనికి జత’ అని రాసి దానితో కలిసే వస్తువు. ప్రాసెసర్‌కి జత బోర్డు, బోర్డుకి జత ర్యామ్, కార్డుకి జత పవర్ సప్లై. అలా గొలుసులాగా చివరి దాకా. ఆ పద్ధతిలో లిస్టు రాసే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. గుండ్రంగా, కాస్త వెనక్కి వాలినట్టుండే ఆ రాత కూడా నాకు తెలుసు. “ఎవరే ఈ మేడమ్?” అన్నాను, సమాధానం ముందే తెలిసినా. “కుమారి మేడమ్ అత్తా. ఈ చుట్టుపక్కల ఎవరి సిస్టమ్ చెడినా ఆవిడ దగ్గరికే వెళ్తారు” అంది హారిక. ఆ పేరు ఆ ఇంట్లో వినబడి పాతికేళ్ళు దాటింది. ఆమె ఏమైందో, ఎక్కడుందో ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా కనుక్కోలేదు. పైగా కనుక్కోకపోవడానికి నా దగ్గర గట్టి కారణం ఉందని అనుకుంటూ బతికాను.

ఆ కారణం చెప్పాలంటే ముందు మా ఇంటి వేసవి గురించి చెప్పాలి. కాయ దిగడం మొదలైతే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. వరండా నిండా పెట్టెలు, పెరట్లో వరిగడ్డి, ఎక్కడ చెయ్యి పెట్టినా జిగురుగా సొన. రసాలకొక వాసన, బంగినపల్లికొక వాసన. కళ్ళు మూసుకుని ఏ గదిలో ఏ కాయ ఉందో చెప్పేవాళ్ళం. పడమటి వైపు గది కాయలు మగ్గేసుకునేది. ఎండాకాలంలో కూడా అందులో నేల చల్లగా ఉండేది. మా నాన్నకి ఒక పద్ధతి ఉండేది. బయటి నుంచి ఏ సరుకు వచ్చినా, పెట్టెలో ఒక్క పూట కూడా ఉంచనిచ్చేవారు కాదు. మూసి ఉంచితే ఉక్కకి చెమర్చి పాడవుతుందని ఆయన నమ్మకం. తెల్లవారుజామున లేచి, మూతలు తీసి, గడ్డి మీద వరసగా పరిచి, ఒక్కొక్క కాయనీ తిప్పి, భుజం మీది తువ్వాలుతో సొన తుడిచి, బొటనవేలితో అదిమి చూసి మళ్ళీ సర్దేవారు. ఎంతమంది కూలీలున్నా ఆ పని మటుకు ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఆయన బొటనవేలు ‘ఊఁ’ అంటేనే ఆ కాయ మా ఇంట్లో కాయ.

కుమారి వాళ్ళమ్మ నాగమ్మ మా షెడ్డులో కాయలు ఏరి పెట్టెల్లో సర్దేది. కుమారీ నేనూ నూజివీడులో కలిసి చదువుకున్నాం. బస్సులో ఒకే సీటు, మధ్యాహ్నం ఒకే క్యారియర్. డిగ్రీ అయ్యాక నేను ఇంట్లో ఈగలు తోలుకుంటుంటే, అది బెజవాడలో కంప్యూటర్లు బిగించే ఒక షాపులో పనికి చేరింది. పని అంటే ఊడవడానికి పెట్టుకున్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి బోర్డులు బిగిస్తోంది. ఆదివారాలు చెడిపోయిన బోర్డులు సంచిలో వేసుకుని మా వరండాలోకి వచ్చేది. నాలుగు నెలలు అలా వాటి మీద నాకు నేర్పింది. “ప్రాసెసర్‌ని అంచులు పట్టుకో విజ్జీ. కింద సూదుల్లాంటి పిన్నులుంటాయి, వాటిని గాలి కూడా తాకకూడదు. సాకెట్ పక్కన మీట ఎత్తు. ఊరికే వదులు, అదే దిగుతుంది. నొక్కావో, చంపుతాను!” అనేది. నేను నొక్కేదాన్ని, అది నా నెత్తిన మొట్టేది. ర్యామ్ ముక్కకి కింద గాడి ఎక్కడుందో చూసి, అది ఏ బోర్డుకి కలుస్తుందో, దేనికి కలవదో చెప్పేది. ఏది గొప్పదో ఎప్పుడూ అడగనిచ్చేది కాదు. “దేనితో అని అడుగు” అనేది.

మేమిద్దరం విస్సన్నపేటలో ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టాలనుకున్నాం. స్కూళ్ళకి ప్రశ్నపత్రాలు, పెళ్ళిళ్ళకి శుభలేఖలు తెలుగులో టైపు చేసి ఇవ్వడం, పిల్లలకి నేర్పడం. నాకది సరదా కంటే కొంచెం ఎక్కువ, అంతే. కుమారికి అలా కాదు. ఆ పెట్టె వెలిగితే అది తన సొంత పని, తన పేరున్న బోర్డు. నాగమ్మ నడుము పట్టేసి వంగలేకపోతోంది. ఆ సీజన్ తర్వాత షెడ్డు మానిపించాలని కుమారి కంకణం కట్టుకుంది. ఆ పెట్టె వెలగకపోతే, మళ్ళీ తల్లీ కూతుళ్ళిద్దరూ కాయలు ఏరుకోవాల్సిందే. నాన్న కొనిపెడతానన్నారు, కాకపోతే సరుకు తాను చూడందే కొననన్నారు. అలా ముగ్గురం బెజవాడ బయలుదేరాం.

ఆ షాపులో మా నాన్నని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అట్టపెట్టెలన్నీ ఊపి చూస్తారు, వాసన చూస్తారు. “ఇది పెద్దదిగా ఉందిగా, ఇది తీసుకుందాం” అంటారు. కుమారి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. “అది మంచిదే బాబుగారూ. కానీ మనం తీసుకున్న బోర్డు మీద అది కూర్చోదు. పక్కూరి ఇంటి తాళంచెవి ఎంత మంచిదైనా మన ఇంటి తాళం తియ్యదు కదండీ” అంది. నాన్న కాసేపు ఆలోచించి, కుమారి చేతిలో లిస్టు తీసుకుని ఒక్కొక్క జతా చదివించుకున్నారు. బస్సులో వస్తూ నాతో, “ఆ పిల్లకి సరుకు తెలుసమ్మా” అన్నారు. మా నాన్న నోటి వెంట ఆ మాట నా గురించి ఎప్పుడూ రాలేదు. ఇంటికి రాగానే పెట్టెలన్నీ చల్లగా ఉంటుందని పడమటి గదిలో పెట్టాం. మర్నాడు తొమ్మిదింటికి ముహూర్తం.

ముహూర్తం వేళకి మా నాయనమ్మ ఖాళీ క్యాబినెట్‌కి పసుపు రాసి కుంకుమ పెట్టింది. నాన్న కొబ్బరికాయ కొట్టి, కాయ కొనేవాళ్ళు వచ్చారని కబురొస్తే వెంటనే తోటకి వెళ్ళిపోయారు. కుమారి చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. బోర్డు తీసింది, మీట ఎత్తింది. ప్రాసెసర్ ఉన్న చిన్న డబ్బా మూత తీసి, దాన్ని అంచులు పట్టుకుని తిప్పి చూసింది. అలాగే ఉండిపోయింది. ఏంటే అని నేను వంగి చూశాను. తీర్చినట్టుండాల్సిన బంగారు రంగు పిన్నుల్లో మూడు వరసలు గాలివానకి పడుకున్న వరిచేను లాగా ఒకే వైపుకి పడిపోయి ఉన్నాయి. అమ్మ బాబోయ్! కుమారి కుట్టు సూది అడిగింది. అరగంట సేపు ఊపిరి బిగబట్టి ఒక్కొక్కదాన్నీ లేపింది. చాలా వరకు లేచాయి. చివర్లో రెండు పుటుక్కున విరిగి సూది మొనకి వచ్చేశాయి.

“కాయలేరే చేతులకి ఇలాంటివి ఇస్తే ఇంతే అవుతుంది” అంది మా నాయనమ్మ. గట్టిగా కూడా అనలేదు, మంచినీళ్ళు తాగినంత మామూలుగా అంది. కుమారి నా వంక చూసింది. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. “రాకపోతే రాదని ముందే చెప్పొచ్చు కదే. నా పరువంతా తీశావు” అన్నాను. అవును, నేనే అన్నాను. అది తల దించుకుంది. తప్పు చేసింది కాబట్టే దించుకుందని నాకు అనిపించింది. గోల విని నాగమ్మ షెడ్డులోంచి వచ్చి, చేతులు చీరకి తుడుచుకుని, కూతురి రెక్క పట్టుకుని తీసుకుపోయింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన నాన్నకి కుమారి ప్రాసెసర్ పాడుచేసిందని చెప్పాం. “పోనీలే పాపం, చిన్నపిల్ల. కంగారు పడి ఉంటుంది” అన్నారాయన. ఎంత పెద్ద మనసు మా నాన్నది అనుకున్నాను.

విరిగింది వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు షాపువాళ్ళు. అంతటితో ఊరుకోలేదు, బిగించడం రాని మనిషి మాకెందుకని కుమారిని పనిలోంచి తీసేశారు. ఆ సీజనంతా అది వాళ్ళమ్మ పక్కన కూర్చుని మా షెడ్డులోనే కాయలు ఏరింది. నేను ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని. ఆ తర్వాత నాకు టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. వాళ్ళు ఊరు వదిలి ఎటో వెళ్ళారని విన్నాను. ఎటు వెళ్ళారని అడగలేదు. నాకు అన్యాయం చేసిన స్నేహితురాలని ఒకటి రెండుసార్లు నేను రాసే కథల్లో కూడా వాడుకున్నాను. సిగ్గులేని దాన్ని!

హారిక సరుకు వచ్చిన రోజు పొద్దున, పట్టెమంచం మీద దుప్పటి పరిచి అన్నీ సర్దింది. ఇప్పటి ప్రాసెసర్లకి కింద పిన్నులు లేవు, నున్నగా ఉన్నాయి. ఆ పిన్నులిప్పుడు బోర్డు మీది సాకెట్‌లో ఉంటాయట, వెంట్రుకల కంటే సన్నగా. నాన్న కర్ర ఊతంగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఒక్కొక్కటీ చూసి తల ఊపుతూ, హారిక సాకెట్ మీది మూత తీసేసరికి భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని చెయ్యి చాచారు.

“తాతయ్యా! ముట్టుకోకు!” అని హారిక కెవ్వుమంది. “పిన్నులు వంగితే మొత్తం పోతుంది!”

“ఏం పోదులేవే పిచ్చిదానా. నాకు తెలీదనుకున్నావా? మీ అత్తకి కంప్యూటర్ కొన్నప్పుడు అన్నీ నేనే తుడిచాను. తెల్లారగట్లే లేచి పెట్టెలన్నీ విప్పి, గడ్డి మీద పరిచి, ఒక్కొక్కటీ తువ్వాలుతో శుభ్రంగా తుడిచి పెట్టాను. చిన్న బిళ్ళ ఒకటి ఉండేది, దాని కింద గరుగ్గా ఉంటే దుమ్మేమో అని గట్టిగా రుద్దాను కూడా. మళ్ళీ ఎలా ఉన్నది అలా డబ్బాలో పెట్టేశాను. నాకు పద్ధతి తెలీదా?”

నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. గ్లాసు ఎప్పుడు కింద పడిందో నాకు తెలియదు. కాలి మీద కాఫీ పడితే హారిక చూసి అరిచింది, నాకు కాలిన సంగతి కూడా తెలియలేదు. పాతికేళ్ళు! పాతికేళ్ళుగా ఆయన దీన్ని దాచలేదు. దాచడానికి అదొక తప్పని ఆయనకి తెలిస్తే కదా. కాయకి చేసినట్టే చేశారు, మరిచిపోయారు. మేమైనా అడిగామా? ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో ఒక్క మనిషిని కూడా, ఈ గదిలోకి ఎవరు వెళ్ళారు, ఈ పెట్టె ఎవరు విప్పారు అని అడగలేదు. సందేహమే రాలేదు. నాగమ్మ కూతురు ఎదురుగా ఉండగా ఇంకొకరిని అడగాలని ఎవరికి తడుతుంది? మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను.

“ఏమైందమ్మా?” అన్నారు నాన్న. చెప్పాను. ఆయన తువ్వాలుతో రుద్దింది పిన్నులనని, అవి వంగి విరిగినందుకే ఆ కంప్యూటర్ వెలగలేదని, అందుకు కుమారి పని పోయిందని. మెల్లగా చెప్పాననుకున్నాను, అరిచానని హారిక తర్వాత చెప్పింది. ఆయన చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నారు. మా నాన్న ముఖం అలా పాలిపోవడం అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. “నేనా?” అన్నారు. మళ్ళీ, “నేనా అమ్మా?” అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం నన్ను పిలిచి, “ఆ పిల్ల ఎక్కడుంది? పద, నన్ను తీసుకెళ్ళు” అన్నారు. రేపు పొద్దున వెళ్దామని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది.

హనుమాన్ జంక్షన్‌లో మెయిన్ రోడ్డు మీదే ఉంది షాపు. బయట లారీల హారన్లు, లోపల వరసగా అట్టపెట్టెలు, ఇద్దరు ఆడపిల్లలు బల్లల దగ్గర ఏవో బిగిస్తున్నారు. కుమారికి జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. గుర్తుపట్టింది. నన్ను కాదు, ముందు నాన్ననే చూసి కుర్చీ జరిపి, “రండి బాబుగారూ, కూర్చోండి. మంచినీళ్ళు తెప్పించనా?” అంది.

నాన్న కూర్చోలేదు. కర్ర మీద వంగి, “తల్లీ, ఆనాడు ఆ బిళ్ళని రుద్దింది నేను. తెల్లారగట్ల నేనే తీసి తుడిచాను. వంగుతాయని నాకు తెలీదమ్మా. ఒట్టు. నిన్ననే తెలిసింది” అన్నారు. షాపులో పిల్లలు పని ఆపి చూస్తున్నారు. నేను కుమారి ముఖం చూస్తున్నాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, మా ఇద్దరినీ బయటికి పొమ్మంటుందని కూడా అనుకున్నాను. అదేమీ జరగలేదు.

“నాకు తెలుసు బాబుగారూ” అంది కుమారి.

నాన్న కంటే ముందు నేనే అడిగాను. “తెలుసా? ఎప్పుడు తెలుసు?”

“ఆ రోజు సాయంత్రమే. తెల్లారి షెడ్డు ఊడ్చేటప్పుడు మా అమ్మ కిటికీలోంచి చూసిందంట. బాబుగారు ఎంత శ్రద్ధగా తుడుస్తున్నారో అనుకుందంట పాపం. నేను ఇంటికొచ్చి పిన్నులు వంగిన సంగతి చెబితే అప్పుడు అమ్మకి అర్థమైంది. ఈ మాట బయటికొస్తే రేపట్నించి మనకి షెడ్డులో పనుండదు, నోరెత్తకు అని నా చేత ఒట్టేయించుకుంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆఖరి దాకా ఎవరికీ చెప్పలేదు.” కుమారి మా నాన్న చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. “మీ మీద నాకు కోపం లేదు బాబుగారూ. మీరు పాడవకూడదనే చేశారు. మీకు ఈ పని తెలీదు, నా పనీ తెలీదు.”

నాన్న తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. నేను ముందుకు వెళ్ళాను. “మరి నా మీద?” అని అడిగాను.

కుమారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నీకు నా పని తెలుసు కదా విజ్జీ. నాలుగు నెలలు నా పక్కనే కూర్చున్నావు. ఎన్ని ప్రాసెసర్లు తీశాను, ఎన్ని పెట్టాను. ఒక్కసారైనా ఒక్క పిన్ను వంచానా?”

“లేదు” అన్నాను.

“ఆ ఒక్క మాటే. ఆ రోజు మీ నాయనమ్మ ముందు అంటావేమో అని నీ మొహం వంకే చూశాను” అంది.